పెళుసుదనం – చేవ: ప్లాస్టిక్కులకు రబ్బరు, పొట్టినారల తోడ్పాటు

మార్కాపురం పలక పేరు వినని తెలుగువారు అరుదు. తరతరాల పిల్లలు ఓనమాలు దిద్దుకొన్న ఆ పలక ఈ నేలలో పుట్టిన రాయి. పొరలు పొరలుగా విడివడే గుణం కలది కావుననే అది పలుచని పలక కాగలిగినది. బలపంతో వేలమార్లు గీచినను అరగని గట్టిదనం దానికి కలదు. ఐనను చేతి నుండి జారి బండపై పడినచో క్షణంలో రెండు ముక్కలవుతుంది. అంత గట్టి వస్తువు అంత సులభంగా ఏల విరుగుతున్నది? దానికంటె ఎంతో మెత్తనిదైన తోలుచెప్పు వందసార్లు విసిరివేసినను ఏల విరుగదు?

రాతిపలక స్థానాన్ని క్రమంగా రేకు పలక, ప్లాస్టిక్కు పలక, నోటుపుస్తకం ఆక్రమించినవి. పలకతోపాటు మన ఇండ్లలోని బిందె, బకెట్టు, కుర్చీ, స్విచ్చిబోర్డు, మోటారు వాహనాల భాగాలు కూడ ప్లాస్టిక్కు మయమైనవి. ఐతే పై ప్రశ్న మాత్రం మారలేదు. ప్లాస్టిక్కులలో కూడ పలకవలె పెళుసైనవి కలవు. వాటికి చేవను కలిగించడానికి శాస్త్రజ్ఞులు అనుసరించిన రెండు ప్రధాన మార్గాలు రబ్బరు కణాలను చేర్చుట, పొట్టినారలను చేర్చుట. ఈ రెండింటి స్వభావాన్ని, వాటి వెనుకనున్న సూత్రాన్ని విద్యార్థులకు సులభంగా వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

మాటల విచారణ

శాస్త్రవిషయం తెలియుటకు ముందుగా మాటలు తేటపడవలెను. వ్యవహారంలో మనం 'గట్టిది' అనే ఒక్క మాటతో నాలుగు వేర్వేరు గుణాలను చెప్పుచుంటాము. గీత పడకుండుట గట్టిదనం. బరువు మోపినప్పుడు వంగకుండుట బిరుసుదనం. ఎంత బరువుకు విరుగునో ఆ పరిమితి బలం. విరుగుటకు ముందు ఎంత శక్తిని తనలో ఇముడ్చుకొనగలదో ఆ గుణం చేవ. చేవ అనగా చెట్టు మానులోని గట్టి నడిమి భాగమని మనకు తెలిసినదే. చేవదేలిన కర్ర దెబ్బకు ఓర్చుకొంటుంది. ఆ మాటను ఇక్కడ ఓర్పు అనే అర్థంలో గ్రహింపవలెను. చేవ లేకపోవుటయే పెళుసుదనం.

మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థులకు ఈ భేదం ఇంకను తేలికగా బోధపడుతుంది. 'సఖ్త్' అయినదంతా 'మజ్బూత్' కాదు. మజ్బూత్ కావలెనన్నచో సఖ్తీతో పాటు కొంత 'లచక్' కూడ ఉండవలెను. సుద్దముక్క బిరుసైనది, కాని పెళుసు. చింతబరికె సుద్దముక్కవలె బిరుసైనది కాకున్నను వంగి నిలుచును.

పగులు నడిచే తీరు

వస్తువు విరుగుట అనగా దానిలో ఒక పగులు ఒక అంచు నుండి మరొక అంచునకు పరుగెత్తుట. దర్జీ బట్టను చించునప్పుడు ముందుగా అంచున చిన్న గాటు పెట్టుట మనం చూస్తూనే ఉంటాము. గాటు లేని బట్టను చించుట కష్టం. గాటు పెట్టిన పిమ్మట చేతిబలమంతయు ఆ గాటు మొనవద్ద కేంద్రీకృతమవుతుంది. ఈ విషయాన్ని గాజు విషయంలో గణితపరంగా నిరూపించినవాడు ఇంగ్లండుకు చెందిన గ్రిఫిత్. 1921లో ప్రచురితమైన తన పరిశోధనలో ఆయన ఇట్లు తేల్చెను: గాజు తన సహజబలంలో అతి స్వల్పభాగం వద్దనే విరుగుటకు కారణం దానిలో కంటికి కనబడని సన్నని పగుళ్లు ఉండుటయే. పగులు పెరుగుటవలన విడుదలయ్యే శక్తి, క్రొత్త ఉపరితలాన్ని ఏర్పరచుటకు కావలసిన శక్తిని మించినప్పుడు పగులు తనంత తాను పరుగెత్తుతుంది.

రాతిపలకకు చుట్టును కొయ్యచట్రం బిగించుటలోని అంతరార్థం ఇప్పుడు స్పష్టమవుతుంది. పలక అంచులలోనే సన్నని బీటలు ఎక్కువ. నేలపై పడినప్పుడు దెబ్బ తగిలేది కూడ అంచుకే. కొయ్య ఆ దెబ్బను తాను తీసుకొని రాతిని కాపాడుతుంది. అనగా పగులు మొదలు కాకుండ చేయుట ఒక ఉపాయం. మొదలైన పగులు పరుగెత్తకుండ దాని దారిలో అడ్డంకులు కల్పించుట రెండవ ఉపాయం. రబ్బరు, నార చేసే పని ఈ రెండవది.

రబ్బరు చేసే మేలు

ప్లాస్టిక్కులలో పాలిస్టైరీన్ పెళుసుదనానికి మంచి ఉదాహరణ. గాజువలె తెల్లగా, పారదర్శకంగా ఉంటుంది. కొంచెం వంచినచో ఫట్టున విరుగుతుంది. దాని అణుగొలుసులు సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కదలక బిగుసుకొని ఉండుటయే దీనికి కారణం. ఇందులో నూటికి 5 నుండి 10 పాళ్లు పాలిబ్యూటడైన్ అనే రబ్బరును చేర్చినచో దెబ్బకు ఓర్చే గుణం కొన్ని రెట్లు పెరుగుతుంది. దీనినే 'హై ఇంపాక్ట్ పాలిస్టైరీన్' అందురు.

ఈ రబ్బరు ప్లాస్టిక్కులో చక్కెర నీటిలో కరిగినట్లు కరిగిపోదు. కొన్ని మైక్రాన్ల పరిమాణం గల చిన్నచిన్న ఉండలుగా విడివిడిగా నిలుచును. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో 1000వ వంతు. వస్తువుపై దెబ్బ తగిలినప్పుడు ప్రతి రబ్బరు ఉండ చుట్టును లెక్కకు మించిన సన్నని నెరియలు పుట్టుచున్నవి. ఈ నెరియలు నిజమైన పగుళ్లు కావు. వాటి రెండు ఒడ్డులను కలుపుతూ సన్నని పోగులు సాగి ఉంటవి. ఒక పెద్ద పగులుగా పోవలసిన శక్తి ఈ విధంగా లక్షలాది చిన్న నెరియలకు పంచబడి హరించుకొనిపోవును. ఇటువంటి ప్లాస్టిక్కును వంచినచోట తెల్లని మచ్చ ఏర్పడుట మనం గమనింపవచ్చును. ఆ తెలుపు నెరియల సమూహమే.

నైలాను వంటి ప్లాస్టిక్కులలో రబ్బరు పనిచేసే తీరు కొంత వేరు. అక్కడ రబ్బరు ఉండలు తమలో తాము చీలి గుల్లలవుతవి. దానివలన వాటి నడుమనున్న ప్లాస్టిక్కు విరుగక సాగుటకు వీలు కలుగుతుంది. రబ్బరు ఉండల మధ్య ఎడం ఒక పరిమితికి తగ్గినప్పుడే నైలాను పెళుసుదనం వీడుతుందని, ఆ పరిమితి నైలాను విషయంలో సుమారు 0.3 మైక్రాన్ అని సౌహెంగ్ వూ అనే శాస్త్రజ్ఞుడు 1985లో చూపెను. కావున రబ్బరు ఎంత వేసితిమన్నది ఒక్కటే చాలదు. దానిని ఎంత సన్నగా, ఎంత సమంగా పంచితిమన్నది ముఖ్యం.

రబ్బరుకు ఒక మూల్యం కూడ కలదు. చేవ పెరిగినకొలది బిరుసుదనం, వేడికి నిలిచే గుణం తగ్గును. పారదర్శకత సాధారణంగా పోవును. అంతేకాక బ్యూటడైన్ రబ్బరును సూర్యరశ్మి క్రమంగా చెరచును. తలుపుల లోపల ఏండ్ల తరబడి బాగుగా ఉన్న వస్తువు ఎండలో పెట్టినచో పసుపుబారి మరల పెళుసగుటకు కారణమిదే. ఆరుబయట వాడవలసిన వస్తువులకు ఎండను తట్టుకొనే ఇతర రబ్బరులను ఎన్నుకొనవలసి ఉన్నది.

విశాఖపట్నం నేర్పిన పాఠం

ఈ పాలిస్టైరీన్ పరిశ్రమ మనకు దూరపు విషయం కాదు. 1961లో విశాఖపట్నంలో హిందూస్తాన్ పాలిమర్స్ అనే సంస్థ ఈ పదార్థం తయారీకి వెలసినది. 1997లో అది కొరియా దేశపు సంస్థ చేతికి వచ్చి ఎల్.జి. పాలిమర్స్ అయినది. సాధారణ పాలిస్టైరీన్, రబ్బరు చేర్చిన పాలిస్టైరీన్ అక్కడ తయారైనవి. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున అక్కడి నిల్వట్యాంకులో స్టైరీన్ ద్రవం వేడెక్కి ఆవిరిగా వెలువడి ఆర్.ఆర్. వెంకటాపురం పరిసరాలను కమ్మివేసినది. పన్నెండుమంది ప్రాణాలు కోల్పోయిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి.

స్టైరీన్ అణువులు ఒకదానితో ఒకటి కలిసి గొలుసుగా మారునప్పుడు వేడి పుట్టును. ఆ వేడి చర్యను ఇంకను వేగిరపరచును. కర్మాగారంలో ఈ చర్యను అదుపులో ఉంచి ప్లాస్టిక్కును చేయుదురు. అదుపు తప్పినచో అదే చర్య విపత్తు. మన పిల్లలు రసాయనశాస్త్రం పుస్తకంలో చదివే 'ఉష్ణమోచక చర్య' అన్న మాట పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న మాత్రమే కాదని ఆ రాత్రి తెలియజేసినది.

పొట్టినార చేసే మేలు

నార విద్య మన పెద్దలకు క్రొత్త కాదు. మట్టిగోడ పెట్టునప్పుడు మట్టిలో గడ్డిపరకలు వేసి త్రొక్కుట పల్లెలలో అందరికి తెలిసిన పద్ధతి. ఉత్తమట్టి ఆరునప్పుడు బీటలు వారును. గడ్డి కలిపిన మట్టిలో బీట పుట్టినను దానికి అడ్డంగా ఉన్న పరకలు రెండువైపుల మట్టిని పట్టి నిలుపును. ప్లాస్టిక్కులో గాజునార చేసే పని సరిగా ఇదే.

నార ఎంత పొడవుండవలెను? నేలలో కొద్దిగా దిగిన మేకు లాగినంతనే ఊడివచ్చును. లోతుగా దిగిన మేకు ఊడిరాదు. నార కూడ అంతే. మరీ పొట్టిదైనచో తన బలమంతయు చూపకుండగనే ప్లాస్టిక్కు నుండి జారిపోవును. నార పూర్తిబలం వినియోగపడుటకు కావలసిన కనీసపు పొడవును 'అవధి పొడవు' అనవచ్చును. దీనిని లెక్కించు పద్ధతిని కెల్లీ, టైసన్ అనువారు 1965లో తెలిపిరి. ఒక ఉదాహరణ చూతము. నార వ్యాసం 10 మైక్రాన్లు. దాని బలం, నారకు ప్లాస్టిక్కుకు మధ్య గల పట్టుకు 100 రెట్లు అనుకొందము. వ్యాసాన్ని 100తో గుణించి 2తో భాగించగా 500 మైక్రాన్లు, అనగా అర మిల్లీమీటరు వచ్చును. పట్టు రెట్టింపైనచో అవధి పొడవు సగమగును.

పరిశ్రమలలో కరిగిన ప్లాస్టిక్కుతో గాజునారను మరలో కలిపి అచ్చులోనికి బలంగా నెట్టుదురు. బరువులో నూటికి 30 పాళ్ల గాజునార సాధారణం. ఈ మరలో నలిగి నారలు తెగి చాల వరకు అర మిల్లీమీటరుకు లోపుగనే మిగులును. ప్లాస్టిక్కును మరల మరల కరిగించి వాడినకొలది నార ఇంకను పొట్టిదై అవధి పొడవునకు దిగువకు చేరును. పాతసరుకుతో చేసిన వస్తువు క్రొత్తదానివలె నిలువకపోవుటకు ఇదొక కారణం.

మరొక విషయం. కాలువలో గడ్డిపరకలు పారే దిక్కుకే తిరిగి సాగినట్లు, అచ్చులోనికి పారే ప్లాస్టిక్కులో నారలు చాల వరకు ప్రవాహదిశకే తిరుగును. అందువలన వస్తువు ఒక దిక్కున బలంగా, అడ్డంగా బలహీనంగా ఉండును. అచ్చులో రంధ్రం కొరకు పెట్టిన కడ్డీని రెండుపాయలుగా చుట్టివచ్చి మరల కలిసిన చోట నారలు ఒకపాయ నుండి మరొకపాయలోనికి దాటవు. వస్తువు తరచుగా అక్కడనే విరుగును. విరిగిన ప్లాస్టిక్కు వస్తువు చేతికి వచ్చినప్పుడు అది ఎక్కడ విరిగినదో పరిశీలించుట మంచి అభ్యాసం.

రెండింటి కలయిక

రబ్బరు చేవనిచ్చి బిరుసును తగ్గించును. నార బిరుసును, బలాన్ని పెంచును. పెళుసైన ప్లాస్టిక్కులో నార చేవను కూడ పెంచును. కాని సహజంగా సాగే గుణం గల ప్లాస్టిక్కులో నార కొసలే క్రొత్త పగుళ్లకు ఆటపట్టులై సాగుడును తగ్గించును. కావున రెంటిని కలిపి వాడినచో ఒకదాని లోపాన్ని మరొకటి పూరించును. కార్ల ముందుభాగంలోని బంపరులకు పాలిప్రొపిలీన్‌లో రబ్బరును, టాల్కు అనే మెత్తరాతి పొడిని కలుపుట ఈ సూత్రాన్ని అనుసరించినదే. పొడి బిరుసునిచ్చును, రబ్బరు దెబ్బను ఓర్చును. రాతిపొడి నారవలె పగులును పట్టి నిలుపజాలదని కూడ గుర్తింపవలెను.

ఈ కలయికలో కీలకం సంధితలం. రబ్బరును గాని నారను గాని ప్లాస్టిక్కు పట్టుకొననిచో అవి లోపల మలినాలవలె ఉండును, మేలు చేయవు. పాలిప్రొపిలీన్‌కు నూనె స్వభావం, గాజుకు, మొక్కనారకు నీటి స్వభావం. ఈ రెంటికి మధ్యవర్తిగా ఒకకొస దీనితో, ఇంకొక కొస దానితో కలిసే రసాయనాన్ని కొద్దిగా చేర్చుదురు. ఐతే పట్టు మితిమీరుట కూడ మంచిది కాదు. నార కొంత జారుచు, ఒరసికొనుచు బయటికి వచ్చునప్పుడే పగులు శక్తి ఎక్కువగా హరించును. పట్టు మరీ బిగువైనచో నార జారక తెగిపోవును, వస్తువు మరల పెళుసగును. బలమునకు గట్టి పట్టు కావలెను. చేవకు కొంత సడలింపు కావలెను.

మన నారలు, మన పరిశోధన

నల్లమల వెదురు, తాటి, కొబ్బరి, గోగు, కిత్తనార – ఇవన్నియు తెలుగునేలపై దొరికే నారలే. గాజు సాంద్రత సుమారు 2.5 కాగా మొక్కనారల సాంద్రత సుమారు 1.2 నుండి 1.5 వరకే. కావున తేలిక. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఆచార్య ఎ. వరదరాజులు, ఆయన సహచరులు ఈ రంగంలో దీర్ఘకాలం కృషి చేసిరి. పొట్టి వెదురునారతో బలపరచిన ఎపాక్సీ పదార్థపు తన్యతాబలం, రసాయనాలకు ఓర్చే గుణం గురించిన వారి పరిశోధన 1998లో ప్రచురితమైనది.

మొక్కనారకు రెండు బలహీనతలు కలవు. మొదటిది నీటిని పీల్చుట. నీరు పీల్చి ఉబ్బిన నార సంధితలాన్ని వదలును. నారను సోడియం హైడ్రాక్సైడు పలుచని ద్రావణంలో నానబెట్టి కడిగినచో పైనున్న మైనం, జిగురు పోయి పట్టు మెరుగగును. రెండవది వేడి. సుమారు 200 డిగ్రీలు దాటినచో నార మాడుట ప్రారంభించును. పాలిప్రొపిలీన్ సుమారు 165 డిగ్రీల వద్ద కరుగును గనుక దానిలో కలుపవచ్చును. నైలాను 66 కరుగుటకు సుమారు 260 డిగ్రీలు కావలెను. దానిలో మొక్కనార మాడకుండ నిలువదు.

మనిషికి కలిగిన మేలు

నారతో బలపరచిన పదార్థాల విలువను దేశానికి కళ్లకు కట్టినట్లు చూపిన సంఘటన హైదరాబాదులో జరిగినది. అగ్ని క్షిపణి 1989లో మొదటిసారిగా ఎగిరినది. దాని కొరకు తేలికైన మిశ్రమపదార్థాన్ని రూపొందించిన శాస్త్రబృందానికి డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం నాయకులు. ఆ పదార్థపు తేలికదనాన్ని చూచిన నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ ఎముకల వైద్యులొకరు కలాంగారిని తమ ఆసుపత్రికి తీసుకొనిపోయి, 3 కిలోలకు పైబడిన లోహపు ఊతపట్టీలతో కాళ్లీడ్చుకొంటున్న పిల్లలను చూపిరి. మూడువారాలలో 300 గ్రాముల బరువు గల పట్టీలు సిద్ధమైనవి. తన జీవితంలో గొప్ప ఆనందం కలిగించిన పనులలో దీనిని కలాంగారు పలు సభలలో పేర్కొనిరి. 2014లో భారతదేశం పోలియో రహితమని ధ్రువీకరింపబడినను, అంతకు ముందు ఆ వ్యాధి బారినపడినవారు నేటికిని మన ఊళ్లలో ఉన్నారు. పది వంతుల బరువు ఒక వంతుకు తగ్గుట అనగా వారికి బడికి నడిచిపోగలుగుట.

ఇంత పెద్ద ఉదాహరణ అక్కరలేదు. పశ్చిమ ప్రకాశంలో వేసవిలో నీటి ట్యాంకరు వద్ద వరుసగా నిలిచే ప్లాస్టిక్కు బిందెలను చూడుడు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు అణుగొలుసులను తెంపగా బిందె అంచు సుద్దవలె తెల్లబడి, ఒకనాడు నీళ్లతో ఎత్తునప్పుడే చీలును. నీటికి కరవున్న ఇంట అది చిన్న నష్టం కాదు. బిందెను వాడనప్పుడు నీడలో ఉంచుట, కొనునప్పుడు అంచు మందాన్ని చూచుట సులభమైన జాగ్రత్తలు. ఆరుబయటి నీళ్లట్యాంకులు నల్లగా ఉండుటకు వాటిలో కలిపిన మసిపొడి ఆ కిరణాలను అడ్డుకొనుటయే కారణం.

ఒక చిన్న ప్రయోగం

ప్రయోగశాలలో ఖరీదైన పరికరాలు లేకున్నను ఈ సూత్రాన్ని పరీక్షింపవచ్చును. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను నీటితో కలిపి 20 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు, 1 సెంటీమీటరు మందం గల రెండు పట్టీలు పోయవలెను. ఒకదానిలో సెంటీమీటరు పొడవునకు కత్తిరించిన కొబ్బరినారను బరువులో నూటికి రెండుపాళ్లు కలుపవలెను. రెండు దినములు ఆరిన పిదప రెండు ఇటుకలపై ఆనించి నడుమ బరువులు వ్రేలాడదీయవలెను. నార లేని పట్టీ ఒక్కసారిగా రెండై పడిపోవును. నార గలది బీటవారినను ముక్కలు విడిపోక వ్రేలాడును. నార పొడవును అర సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లుగా మార్చి ఫలితాలను పట్టికలో వ్రాసినచో అవధి పొడవు భావం స్వయంగా అనుభవానికి వచ్చును. పొడి ఊపిరితిత్తులలోనికి పోకుండ ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకొనుట మరువరాదు.

ఈ విద్యను వృత్తిగా స్వీకరింపదలచినవారికి దారులు కలవు. 1968లో మద్రాసులో స్థాపితమైన, నేడు కేంద్ర పెట్రోకెమికల్స్ ఇంజినీరింగు, టెక్నాలజీ సంస్థగా పిలువబడే సిపెట్‌కు హైదరాబాదులోను, విజయవాడలోను శాఖలు ఉన్నవి. పదవ తరగతి ఉత్తీర్ణులకు మూడేండ్ల డిప్లొమా, సైన్సు పట్టభద్రులకు రెండేండ్ల డిప్లొమా అక్కడ బోధింపబడుచున్నవి. కళాశాల పాలకవర్గంవారు ఏటా ఒకమారు విద్యార్థులను అట్టి సంస్థకు తీసుకొనిపోయే ఏర్పాటు చేసినచో ఎంతో మేలు జరుగును.

పలకరాతిని పొరలుగా చీల్చు నేర్పు మార్కాపురం శ్రామికుల చేతులకు అబ్బిన విద్య. రాయి ఎక్కడ చీలునో, ఎక్కడ చీలదో వారికి ఉలి మొనకే తెలియును. ఆ కుటుంబాల నుండి వచ్చిన విద్యార్థులు మన తరగతులలో ఉన్నారు. పగులు ఎట్లు పుట్టునో తండ్రి చేతిలో చూచినవారు, దానిని ఎట్లు ఆపవలెనో పుస్తకంలో చదివి నేర్చుకొనుట కష్టమైన పని కాదు. కావలసినది పాఠాన్ని పరీక్ష కొరకే గాక పని కొరకు చదివే పట్టుదల మాత్రమే.